కోడలి ఎత్తు బెల్లం

నవంబర్ 4

గరిటెతో తీసేస్తున్నది. ఈ రోజు నా కళ్లతో చూశాను. మా ఇంటిది రాజవ్వ, కోడలి తలెలో జొన్నగటక వేసి, ఒకసారి ఎగాదిగా చూసి, సగం మళ్లీ కుండలోకి ఎత్తుకున్నది. అదేమంటే — "ఆరో నెలకే కడుపు తొమ్మిది నెలల లెక్కున్నది. ఇంక తింటే పిల్ల పెద్దగైతది. కాన్పు కష్టమైతది."

పొట్ట పెద్దదైతే తిండి తగ్గించడం. బట్ట వెడల్పు ఎక్కువ వస్తున్నదని నూలు కోసిపారేసినట్టు. ఆ మాటే అన్నాను.

"మగ్గం సంగతి నువ్వు చూస్కో. కాన్పు సంగతి నాకిడిసిపెట్టు."

కోడలు లచ్చవ్వ తల ఎత్తలేదు. తల్లి లేని పిల్ల. మొదటి కాన్పుకు పుట్టింటికి పోయే రాత కూడా లేదు. తలె అంచుకు అంటిన గటకను వేలితో తుడిచి నాకుతున్నది.

నవంబర్ 5

కోపం తగ్గలేదు. రాయడానికి ఇంకేమీ లేదు.

నవంబర్ 9

లచ్చవ్వను సర్కారు దవాఖానకు నేనే తీసుకుపోయాను. మల్లేశానికి — కన్నకొడుకు, ఆ పిల్ల మొగుడు — మగ్గం దిగే తీరిక లేదట.

నర్సమ్మ ఒక రేకు గొట్టం పొట్ట మీద పెట్టి చెవి ఆనించింది. ఈ పక్క. ఆ పక్క. మళ్లీ ఈ పక్క. "తాతా, లోపల ఇద్దరున్నరు."

"ఎవరిద్దరు?" అన్నాను. లచ్చవ్వ నవ్వింది. ఆ పిల్ల నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. కింది రెప్ప లాగి చూసింది. లోపల తెల్లగా, ఉతికిన గుడ్డలాగా. "రక్తమే లేదు. ఈమెకు అన్నం పెట్టేదెవరు?"

మా ఇంటిదని చెప్పాను.

"ఆమెను తోల్కరా. ముగ్గురి తిండి ఒక్క నోట్లకెళ్లి పోవాలె తాతా. నెలకు రెండు కిలోలన్నా పెరగాలె. మా దగ్గర తరాజు లేదు, మీ నూలు దుకాణంల ఉంటది గదా, తూచి చెప్పు."

కాగితం మీద రాసిచ్చింది. గుడ్డు, పాలు, పప్పు, పల్లీలు, ఆకుకూర, ఎర్ర గోలీలు. ఆ రాత చదవడానికి నాకు ఇల్లు చేరేదాకా పట్టింది. నేను చదువుకున్నది బడిలో కాదు. నిజాం కాలంలో మా బడిలో ఉర్దూ చెప్పేవారు, అక్కడ మూడు నెలలుండి పారిపోయాను. తెలుగు అక్షరాలు నూలు కట్టల మీది కాగితాలు చూసి నేర్చుకున్నాను. అచ్చు అక్షరమైతే ఎంతటిదైనా చదువుతాను. చేతిరాత దగ్గర ఇప్పటికీ తడబాటే. కానీ ఈ కాగితంలో ప్రతి ముక్కా చదివాను. రెండుసార్లు.

నవంబర్ 10

కవలలని చెబితే రాజవ్వ మనసు మారుతుందనుకున్నాను. నా అమాయకత్వం.

"ఇద్దరా? అట్లయితే ఇంకింత తక్కువ తినాలె. ఒక్కటి బయటికొచ్చుడే గండం, ఇద్దరిని బలిపించి పెడితే ఏ తొవ్వల వస్తరు?"

తూకం సంగతి ఎత్తాను. "కడుపుతోనున్నదాన్ని తరాజుల కూసోబెడతవా? అది మేకనా? దిష్టి తగిలి సచ్చిపోతది."

ఎర్ర గోలీలు బియ్యం కుండ వెనక దాచింది. వాటితో కూడా పిల్లలు బలుస్తారట.

నవంబర్ 14

పొద్దున ముఖం కడుగుతుంటే తట్టింది. సమ్మక్క.

మా దిక్కు సమ్మక్కకు మొక్కుకున్న మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఎత్తు బెల్లం తూచి, ఒక ముద్ద ఆ తల్లి గద్దెకు పంపి మిగతాది పంచుతాం. ఆ బెల్లాన్నే బంగారం అంటాం. అలా తూచితే ఏ దిష్టీ తగలదు. తగులుతుందనే ధైర్యం ఎవరికీ లేదు.

రాజవ్వ ముందు చేతులు జోడించి, పైకి చూసి మొక్కాను: "తల్లీ, కాన్పయినంక కోడలి ఎత్తు బంగారం ఇస్త. ఇంక నెలనెలా ఎంత పెరిగితే అంత బంగారం తూచి, ప్రసాదం దానికే తినిపిస్త."

దేవత పేరు వినగానే రాజవ్వ కూడా చెంపలు వేసుకున్నది. ఇక కాదనే దారి లేదు. నాకు దేవుళ్లతో పెద్ద సంబంధం లేదు. ఈ ఒక్క తల్లికి మాత్రం రుణపడ్డాను.

నవంబర్ 17

నూలు దుకాణం సేటు తరాజు ఇచ్చాడు. దూలానికి వేలాడదీశాము. వాడ వాడంతా మా వాకిట్లో. కొత్త కిలోల రాళ్లు. సేర్లు పోయి ఇవి వచ్చాయని మా వాడవాళ్లు ఇంకా నమ్మరు. ఎదురింటి పోశవ్వ ఒక రాయి చేత్తో ఎత్తి చూసి, "గిది సేరు కన్న బరువున్నదే" అని అందరికీ సాక్ష్యం చెప్పింది.

నలభై మూడు కిలోలు. కడుపులో ఇద్దరున్న మనిషి. నూలు బస్తా ఇంతకన్నా ఎక్కువ తూగుతుంది.

రేపటి నుంచి రోజూ రెండు గుడ్లు తెచ్చి రాజవ్వ చేతిలో పెడతాను. లచ్చవ్వకని చెప్పి మరీ.

డిసెంబర్ 2

గుడ్లు మానకుండా తెస్తున్నాను. ఎర్ర గోలీలు వెతికి తీసి, లచ్చవ్వకు నా చేత్తో ఇస్తున్నాను. నా పని నేను చేస్తున్నానని తృప్తి.

డిసెంబర్ 17

అర కిలో. నెలంతా కలిపి అర కిలో.

బెల్లం ముద్ద తరాజులో పెడితే చిన్నపిల్ల పిడికిలంత కనిపించింది. పోశవ్వ ఊరుకుంటుందా: "ఏందక్కా, సమ్మక్కకు గింతేనా? కోడలికి బువ్వ పెడ్తలేవా, సూపిస్తున్నవా?" వాకిలంతా నవ్వు. రాజవ్వ మొహం మాడిపోయింది. లోపలికి పోయింది.

మంచిదయింది. నా మాట వినకపోతే వాడ మాట వింటుంది. అందుకే కదా వాకిట్లో తూచింది.

డిసెంబర్ 18

రాజవ్వ మాట్లాడడం లేదు. మాట్లాడకపోనీ.

జనవరి 17

నాలుగు కిలోలు పెరిగింది. ముల్లు నిలబడేదాకా నాకే నమ్మకం కుదరలేదు. వాడ ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. "ఇగ సూడుండ్రి" అన్నది రాజవ్వ, పోశవ్వ వైపు తిరిగి. నేను మీసం దువ్వుకున్నాను. ఇద్దరమూ గెలిచినట్టే ఉన్నాము.

మధ్యాహ్నం మల్లేశం కేక: "బాపూ, నా మగ్గం ఇసుక మూటలు ఎవలు తీసిండ్రు? దారం వదులైతున్నది." దారం బిగువుగా ఉండడానికి వేలాడదీసే మూటలవి. ఒక్కొక్కటి కిలో దాకా తూగేవి, నాలుగు.

తరాజు విప్పడానికి పోయాను. లచ్చవ్వ కూర్చున్న పళ్లెంలో ఇసుక. సన్నగా, తెల్లగా.

లచ్చవ్వ వంటింటి గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతున్నది. ఎదురుగా కూర్చున్నాను. నేను అడగకముందే చెప్పింది.

"మూటలు నడుముకు నేనే కట్టుకున్న. అత్తను అందరు అంటున్నరు మామా. మీరే అనిపిస్తున్నరు."

"మరి తినరాదా బిడ్డా? రోజు రెండు గుడ్లు తెస్తున్న గదా."

నన్ను విచిత్రంగా చూసింది. "గుడ్లు మీరే తింటున్నరు గదా మామా. మీరొకటి, ఆయనొకటి."

జనవరి 18

నిజమే. తిన్నాను. రెండు నెలలుగా, రోజూ. తలెలో గుడ్డు ఉంటుంది, తింటాను. నలభై ఏండ్లుగా తలెలో ఏది ఉంటే అది తిన్నాను, ఎక్కడినుంచి వచ్చిందని చూడలేదు. కోడలికని గుడ్లు తెచ్చి, రాజవ్వను పిసినారి అని మనసులో తిట్టుకుంటూ, ఆ గుడ్డు నమిలి మింగాను. వాడనంతా పిలిచి అవమానించింది ఎవరిని — వండి నాకు పెట్టేదాన్ని.

రాజవ్వను అడిగాను. ఆశ్చర్యపోయింది. "మొగోళ్లు తినకుంట కోడలికి పెడతరా ఎక్కడన్నా? మిగిలితే పెడదామనుకున్న. మీరు ఎప్పుడన్న మిగిల్చిండ్రా?"

లేదు. మిగల్చలేదు.

లచ్చవ్వను ఇసుక లేకుండా మళ్లీ తూచాను. తలుపులు వేసి. డిసెంబర్ తూకం మీద పావు కిలో ఎక్కువ, అంతే.

జనవరి 19

ఇవాళ పీట వేయగానే కూర్చోలేదు. "ముందుగాల లచ్చవ్వ తినాలె. తర్వాత నేను." మల్లేశం బిక్కచచ్చిపోయాడు. రాజవ్వ గరిటె పట్టుకుని నిలబడిపోయింది — "ముసలోనికి మతి పోయింది." లచ్చవ్వ ఏడుస్తూ కూర్చున్నది. నాలుగు ముద్దలు తిని లేచింది. ఇక పట్టదట. లోపల ఇద్దరు పొట్టను మీదికి నెడుతుంటే అన్నానికి జాగా ఎక్కడిదంటుంది.

ఇన్నాళ్లూ దానికి పొద్దున చద్ది ఒకసారి, రాత్రి అందరి తర్వాత ఒకసారి. అట్లా పెడితే ఎవరికి పడుతుంది? ఇదీ నేను ఎప్పుడూ చూడలేదు. నా వయసుకు నేను చూసిందేమిటో.

జనవరి 20

గట్టిగా అరిచాను రాజవ్వ మీద. దానికి దయ లేదన్నాను.

చేతిలో చాట కింద పెట్టింది. "ఎల్లవ్వ ఎట్ల సచ్చిపోయిందో నీకెర్కనా?"

ఎల్లవ్వ దాని చెల్లెలు. కాన్పులో పోయిందని తెలుసు. అంతవరకే తెలుసు.

"మూడు దినాలు. నా ఒళ్లె తలకాయ పెట్టుకుని మూడు దినాలు అరిసింది. పిల్లగాడు పెద్దగున్నడు, రాలే. కడుపుతోనున్నప్పుడు నేనే మా ఇంటికి తీస్కచ్చి నెయ్యి పోసి పెట్టిన. పాపం సన్నగున్నదని. నేనే పెట్టిన."

చాట మళ్లీ తీసుకుని బియ్యం చెరగసాగింది. నలభై ఏండ్లలో నేను అడగలేదు. అది చెప్పలేదు.

జనవరి 22

రాజవ్వను దవాఖానకు తీసుకుపోయాను. రానన్నది. ఎల్లవ్వ సంగతి నర్సమ్మకే చెప్పు, ఆమె నాదే తప్పంటే ఇక నోరు మూస్తానన్నాను. వచ్చింది.

నర్సమ్మ అంతా విన్నది. తర్వాత రెండు చేతులు చాచి చూపించింది. "అవ్వా, ఒక్క పిల్ల గింత ఉంటది. కవలలైతే ఒక్కొక్కటి గింతనే. వీళ్లు పెద్దగైతరని ఫికర్ లేదు. సన్నగ పుడితే బతుకరు, గదే నా భయం. నెలలు నిండకముందే వస్తరు వీళ్లు. తల్లికి రక్తం లేకుంటే, రెండోది వచ్చేదాక తాకత్ ఏడికెళ్లి తెస్తది?"

"మరి మా ఎల్లవ్వ?"

"నెయ్యికి కాదవ్వా. పిల్ల అడ్డం తిరిగి ఉంటది, లేకుంటే తొవ్వ ఇరుకై ఉంటది. మూడు దినాలు ఇంట్ల పెట్టుకున్నరు, దవాఖానకు తేలే. దానికి పోయింది." ఆగి, "నీ వల్ల కాదు" అన్నది.

దారిలో రాజవ్వ నా వెనక నడిచింది. రోజూ అలాగే నడుస్తుంది. ఇవాళ రెండుసార్లు ఆగి కూర్చున్నది.

జనవరి 23

గుడ్డు ఉడికించింది. లచ్చవ్వ తలెలో పెట్టింది. నాకు పచ్చిపులుసు.

"నువ్వు చెప్పినందుకు కాదు" అన్నది, నా వైపు చూడకుండా.

జనవరి 30

పొద్దున జావ. గంట ఆగి పల్లీలు బెల్లం. పగలు పప్పన్నం, గుడ్డు. మళ్లీ ఉడికించిన పెసర గుడాలు. సాయంత్రం పాలు. రాత్రి తోటకూర. పిడికెడు పిడికెడు, ఆరుసార్లు. రాజవ్వ కోడలితో కండెలు చుట్టే పని మాన్పించింది, తానే చుడుతున్నది. కోడలు "సాలు అత్తా" అంటే — "నీకు సాలు. వాళ్లకు?"

పోశవ్వ వచ్చి ఇంత తినిపిస్తే కాన్పు కష్టం కాదా అని మొదలుపెట్టింది. రాజవ్వ రెండు చేతులు చాచి కొలత చూపించింది. నర్సమ్మ చూపించినట్టే.

ఎన్ని రోజులు వృథా చేశాము. లెక్కపెడితే నవంబర్ నుంచి. నా మీసం దువ్వుడు కలుపుకుని.

ఫిబ్రవరి 6

తలుపులు వేసి తూచాము. ముగ్గురమే. ఇసుక ఉన్నదేమోనని రాజవ్వ కోడలి నడుము తడిమి చూసింది, ఇద్దరూ నవ్వుకున్నారు. రెండు కిలోల పైన పావు. పంతొమ్మిది రోజుల్లో. తర్వాత దవాఖానలో నర్సమ్మ కాళ్లు వేలితో నొక్కి చూసింది, వాపు లేదు, అది తిండి బరువేనన్నది. ఇంకొక నెల ఆగితే బాగుండునని కూడా అన్నది.

ఫిబ్రవరి 11

ఆగలేదు. తెల్లవారుజామున నొప్పులు. నర్సమ్మ చూసి, ఇక్కడ వద్దు, కరీంనగర్ పెద్ద దవాఖానకు పొమ్మన్నది. "మూడు దినాలు ఇంట్ల పెట్టుకునుడు లేదు" అన్నది రాజవ్వ, ఎవరూ ఏమీ అనకముందే. బస్సులో కోడలి తల ఒళ్లో పెట్టుకున్నది. మూట విప్పి, ఉడికించిన గుడ్డు తుంచి నోట్లో పెడుతూ — "తిను బిడ్డా. తాకత్ గావాలె."

పగలు రెండు గంటలు. దవాఖాన వరండా. ఈ పుస్తకం కూడా మూటలోనే వచ్చింది, ఎవరు పెట్టారో తెలియదు.

మొదటిది వచ్చింది. ఆడపిల్ల. ఏడుపు వినపడింది, సన్నగా, కానీ తెగకుండా. లోపలి నర్సు తలుపు తీసి, "రెండు కిలోలకు జర తక్కువ. పర్వాలేదు. రెండోది ఇంక రాలే" అని, మళ్లీ వేసేసింది.

మల్లేశం గేటు దాకా పోయి వస్తున్నాడు, మళ్లీ పోతున్నాడు.

రాజవ్వ పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగలేదు. మూటలో ఒక గుడ్డు మిగిలింది. ఒలిచాను. ఇంటెడు మందికి తినిపించి తాను ఎండే ఈ ఆడదాని మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నోటి దగ్గర పెట్టాను.

"రెండోది రానీ" అన్నది. తలుపు వైపే చూస్తున్నది.

గుడ్డు నా ఎడమ చేతిలోనే ఉన్నది. నేను తినను. పుస్తకం మోకాలి మీద పెట్టి రాస్తున్నాను.

తలుపు ఇంకా వేసే ఉన్నది.