సాదా పూల కుండీలు తొమ్మిది

ఇరియా,
ఆగస్టు 9

మామయ్యగారూ,

ఆస్పత్రిలో మీ ఎదుట నోరు పెగలక ఉత్తరం రాస్తున్నాను. కోపమొస్తే చివరిదాకా చదివాకే కోప్పడండి.

పొట్టలో గడ్డ ఇప్పుడే కోసేస్తే ఇంకా ఏళ్ళకేళ్ళు బతుకుతారని నిన్న డాక్టరుగారు చెబితే మీరు ఒద్దన్నారు. పైగా నా మాటే నాకు అప్పజెప్పారు. "మా కోడలు ల్యాబులో చేసేది ఇదే. తీగకు పొద్దున విచ్చిన అసగావో పూవు మధ్యాహ్నానికి వాడిపోతుందా, దాన్నెవరూ చంపరు. వేళయితే రేకులో కణాలే తమంతట తాము చచ్చిపోతాయి. నాకూ వేళయింది" అన్నారు. మీ అబ్బాయి తల దించుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నేను చెప్పింది మీరు సగమే విన్నారు. రేకు ఊరికే చావదు. ముడుచుకునే ముందు తనలోని చక్కెర, సారం అన్నీ విప్పి, గింజ కట్టే చోటికి పంపించేస్తుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు సామానంతా పంపించి తాళం వేసినట్టే. ఆ పంపకం కోసమే కణం తన్ను తాను కూల్చుకుంటుంది.

మరి మీరేం పంపారు? నలభై ఏళ్ళుగా పెంచుతున్న ఆ చీలికల రేకుల నీలి అసగావోలకు గింజ కట్టదు. వాటి వంశమంతా వాటి తోబుట్టువులైన సాదా పూల మొక్కల్లో దాగి ఉంటుంది. ఏ సాదా మొక్కలో ఉందో మీకొక్కరికే తెలుసు. ఒక్క కుండీకీ చీటీ కట్టలేదు. అడిగితే "చూస్తూ ఉండు, అదే తెలుస్తుంది" అంటారు. ఏం తెలుస్తుంది, నా మొహం!

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఆస్పత్రిలో చేరిన వారం, చోటు చాలడం లేదని, సాదా పూలే కదా అని, తొమ్మిది కుండీలు వీధి చివర స్నానశాల నడిపే ఒత్సుతాగారికి ఇచ్చేశాను. అందమైనవే మిగిలాయని మురిసిపోయాను కూడా. మొన్న మీ విత్తనాల డబ్బా తెరిస్తే ఖాళీ. ఉన్న గింజలన్నీ ఈ ఏడే నాటేశారని అప్పుడు అర్థమైంది. పరుగెత్తుకెళ్తే, ఆవిడ మన కుండీలను తన ఇరవై కుండీల్లో కలిపేశారు. మనవి ఏవంటే, "నాకేం తెలుసు తల్లీ, నీళ్ళు పోసేవాళ్ళకి అన్నీ ఒకటే" అన్నారు. పరీక్ష చేద్దామంటే అది ఏ జన్యువో మా ల్యాబుకీ తెలియదు. రేకు ఏ గంటకు చస్తుందో చెప్పగలను గానీ, మీ మొక్క ఏదో పోల్చుకోలేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఏదీ అప్పజెప్పకుండా ముడుచుకుంటానంటే దాన్ని బద్ధకం అంటారు మామయ్యగారూ. తిట్టడానికైనా ఇంటికి రండి. నాకు నేర్పండి. మీరు నాకు కావాలి.

మీ మొద్దు కోడలు,
చిగుసా


ఆస్పత్రి,
ఆగస్టు 12

అమ్మాయ్ చిగుసా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు పళ్ళు కొరుకుతూనే చదివాను. తొమ్మిది కుండీలు! నా మొహం చూసి పక్క మంచం ముసలాయన, "ఎవరు పోయారండీ" అని అడిగాడు.

ముందు పని చూడు. ఒత్సుతా వాకిట్లో ఏ మొక్కా పీకనివ్వకు. కాయలు ఎండాక మొక్కకొక పొట్లం కట్టి అంకె వెయ్యి. ఆవిడవీ మనవీ అన్నీ కట్టు. మే నెలలో నాటితే, మొదటి రెండాకులు విచ్చినప్పుడు మనవేవో బయటపడతాయి. ఆ ఆకుల తీరు రాద్దామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపేశాను. అది పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించాల్సిందే గానీ రాస్తే వచ్చేది కాదు.

ఇంకొక మాట. వేళయిందని నేనన్నది అబద్ధం. మీ అత్తయ్య పోయాక, నా చేతిలోని విద్య తమకు నేర్పమని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. మావాడు తొమొనోరికి పూలంటే తుమ్ములు. నువ్వేమో పొద్దస్తమానం ల్యాబులో ఉంటావు, నీ చదువు ముందు ఇది ముసలాడి పిచ్చిలా కనిపిస్తుందనుకున్నాను. అడిగేవాళ్ళు లేని చోట ఎన్నాళ్ళని ఉండను? ఆ బాధకు నీ శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నాను. తప్పు నాదే.

పొద్దున డాక్టరును పిలిచి కొయ్యమన్నాను. సోమవారం అన్నాడు. మనసెందుకు మారిందని అడిగితే, మా కోడలికి ఇంకా ఏమీ రాదు అని చెప్పాను.

మీ మామయ్య,
తోకుజో