కవరు మీద రెండో పేరు

చెల్లెమ్మకి,

"నాన్న రికార్డు మీద ఇంకో పేరు వేస్తే కోర్టుకి లాగుతా" అని ఫోన్లో అన్నావు. దానికి జవాబు రాస్తున్నాను.

మా చిన్న సంగీత కంపెనీ నిలబడిందే ఆ మొదటి వయొలిన్ రికార్డుతో. ఆ రోజు స్టూడియోలో మీ నాన్నగారు, మా గురువుగారు, మొదటి వైపు అయ్యాక ఇక వాయించలేకపోయారు. రెండో వైపంతా వాయించింది ఆయన శిష్యురాలు, మీ వదిన. "నా పేరే వెయ్యరా, లేకపోతే ఎవరూ కొనరు" అన్నారాయన. నేను తలూపాను. ఇరవై ఏళ్లుగా ఆవిడ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

సోమవారం అది మళ్లీ విడుదలవుతోంది. కోర్టుకైనా వస్తాను, కంపెనీ మూతపడినా సరే, ఆవిడ పేరు మాత్రం తీయను. నిన్న కొత్త కవరు చూపిస్తే, "ఆయన పేరు పక్కన వద్దండీ, కింద వెయ్యండి" అంది.

అంతవరకే మార్చాను.

నీ అన్నయ్య