అవ్వ తుడిచిన కంప్యూటర్

ఏమండీ, నేను వచ్చేదాకా కంప్యూటర్ ఆన్ చేయకండి. మెకానిక్ సదానందం పొద్దున వచ్చి అంతా చెరిపి ప్రోగ్రాంలు మళ్ళీ ఎక్కించాడు. నెల రోజుల నా టైపు పని పోయింది. బయటి ఫ్లాపీ ఏది పెట్టినా ముందు వైరస్ పట్టే ప్రోగ్రాంతో చూడాలట.

అవ్వ తుడిచిన తడి వల్ల ఏమీ కాలేదట. మీ సొరుగులోని పేకాట ఫ్లాపీతోనే వైరస్ వచ్చిందట. "గా ఫ్లాపీ పెట్టొద్దని సార్‌కు పండుగ ముందటే చెప్పిన గదమ్మా" అన్నాడు.

అంటే మీకు తెలుసు. దసరా నాడు మా అవ్వ కంప్యూటర్‌ను తడిబట్టతో తుడిచి బొట్టు పెట్టింది. అందుకే ఖరాబైందని, కన్నతల్లి అని కూడా చూడకుండా నేను అరుస్తుంటే, మీరు పక్కనే నిలబడి చాయ్ తాగారు. "నాతోనే అయిందేమో బిడ్డా" అని అవ్వ అన్నం తినకుండానే ఇచ్చోడ బస్సెక్కింది.

ఇచ్చోడ పోతున్నాను. కాళ్ళు పట్టుకునైనా అవ్వను తీసుకొస్తాను. ఫ్లాపీ సంగతి నేను చెప్పను. మీరే చెప్పాలి.

అరుంధతి

పాలు కాచి పెట్టాను. చాయ్ తాగనిదే మీకు నోట మాట రాదు కదా. ఆ రోజు తాగినా రాలేదు.