పూజలో పెట్టిన పానాలు

వికారాబాద్, శనివారం

అక్కా, ముగ్గురం క్షేమం, ఎవరేం చెప్పినా నమ్మకు. ఫోనులో నీకు సరిగా వినపడదని ఈ కార్డు.

దసరా పొద్దున నీకు జమ్మి పెట్టడానికి బయలుదేరితే అనంతగిరి దిగుడులో ముందు చక్రం ఊగింది. కారు ఆపి చూద్దును కదా, నాలుగు నట్లలో రెండు లేవు, మిగతా రెండూ వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. పక్కనే లోయ. వెనక సీట్లో తల్లి ఒళ్లో శ్రేయ నిద్రపోతోంది.

ముందురోజే కారు సర్వీసు చేసిన మెకానిక్ మహేష్ నేను ఫోన్ చేయగానే పరుగున వచ్చాడు. చొక్కా పట్టుకున్నాను. "అన్నా, పానాలన్నీ ఆయుధపూజల వెట్టినం, ముట్టొద్దని నట్లు చేతితోనే తిప్పిన. పూజ అయినంక బిగిద్దమనుకొని మర్చిపోయిన" అన్నాడు. కొట్టేవాణ్ణే. కుంకుమ బొట్లు పెట్టిన పానా నా ముందుకు చాపి, "నువ్వే బిగించన్నా, నా చేతుల మీద నాకే నమ్మకం లేదు" అన్నాడు. వాడు తెచ్చిన రెండు నట్లతో కలిపి నాలుగూ బిగించాను, రెండేసి సార్లు.

బావ తన కారునూ సర్వీసుకు వాడికే ఇస్తానన్నాడు, జర ఆగమను. నీ చెవి మిషన్ బాగైందా? పాత కందిపప్పు రెండు కిలోలు తీసిపెట్టు. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. జమ్మి ఆకు దాచి ఉంచాను, వచ్చే ఆదివారం తెస్తాం. బస్సులో.

నీ తమ్ముడు,
బాల్‌రాజ్