గోడెక్కబోయే చేప

మ్యూజియం డైరెక్టరు గారికి,

మా లోగిలిలోని రోమన్ల నాటి రంగురాళ్ల నేలను పోయిన నెల మీవాళ్లు ఊడదీసి పట్టుకెళ్లారు. అందులోని పెద్ద చేప బొమ్మ గురించే నా బెంగంతా. మా స్ఫాక్స్ ఊళ్లో పెళ్లికూతురు చేపను దాటాలని మీకు నేను చెప్పాలా? మా అత్తగారూ నేనూ దాటింది ఆ చేపనే. ఆదివారం మా చిన్నది నజ్లా పెళ్లి. ఇప్పుడా చేప మీ షెడ్డులో నేలమీదే ఉందట, గురువారం గోడకు బిగిస్తారట. గోడ మీది చేపను పిల్ల ఎలా దాటుతుందండీ?

మీ కాపలాదారు మొన్సెఫ్‌ను అడిగితే నవ్వాడు. "బజార్లో ఒకటి కొని దాటించు పిన్నీ, ఏ చేపైతేనేం!"

బజారు చేప సంగతి నాకు తెలుసు. నిరుడు మీవాళ్లు ఆ నేల మీద ఇసుక కప్పి మమ్మల్ని అడుగు పెట్టనివ్వలేదు. అందుకని మా పెద్దది వసీలా బజారు చేపనే దాటింది.

బుధవారం ఒక్క నిమిషం మమ్మల్ని షెడ్డులోకి రానివ్వండి. చెప్పులు బయటే విడుస్తాం. చేప మీద కాలు పడనివ్వం.

నాకు చదువు రాదు. ఈ ఉత్తరం వసీలా చేత రాయిస్తున్నాను. ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వచ్చేసింది. ఈ ముక్క రాయనని కలం కింద పెట్టేసింది. నేనే బతిమాలి రాయించాను.

ఇట్లు,
వాళ్లిద్దరి తల్లి