జల్‌పల్లి గుండు చాటున నీ పొయ్యి

బాపూ,

ఇవాళ నీ సంవత్సరీకం. అమ్మ అడిగిందని జల్‌పల్లి గుట్ట మీదికి తీసుకెళ్లాను, ఆదివారాలు నువ్వు మటన్ వండిన పెద్ద రాతి గుండు దగ్గరికి. అక్కడ రాతియుగం మనుషుల మకాంలు వెతికే ఒక మేడమ్, ఆమె విద్యార్థులు తవ్వుతున్నారు. వానలకు మట్టి కప్పేసిన నీ పొయ్యిని బయటికి తీసి, చుట్టూ దారం కట్టి, నీ మూడు రాళ్లను బ్రష్షుతో దులుపుతున్నారు.

మేడమ్ బూడిదలోని ఎముక ముక్కలు చూపిస్తూ మురిసిపోతూ అంది: "చూశారా, ఎముకలు పగలగొట్టి మూలుగ తిన్నారు. ఆదిమానవుల అలవాటు!"

"మా ఆయన గట్లనే తింటుండె," అంది అమ్మ. "గా రాళ్లు ఆయన పెట్టినయే."

మేడమ్ ముఖం నువ్వు చూడాల్సింది! కాసేపటికి తనూ నవ్వేసి, రాళ్లు తీయొచ్చా అని అమ్మను అడిగింది. అమ్మ ఒక రాయిని చేత్తో తడిమి సరేనంది. తవ్వితే నీ బూడిద కింద జానెడు మట్టి, దాని కింద ఇంకో బూడిద, ఎర్రగా కాలిన నేల, పదును పెట్టిన రాతి పెచ్చులు. ఈసారి నిజంగానే రాతియుగపు పొయ్యి!

"ఇంత గుట్ట ఉండగా ఇద్దరూ పొయ్యి ఇక్కడే ఎందుకు పెట్టారో?" అంది మేడమ్.

"ఈడ పెడితే పొగ నా మీదికి రాదు," అంది అమ్మ. ఆ పాత బూడిద వైపు చూసి, "ఆయనకు గూడ ఇంట్ల ఒక లొల్లి చేసేటామె ఉండె గావచ్చు," అంది.

తర్వాత వెళ్లి, పొయ్యి లేకపోయినా, పొగ రాని పక్కనే ఎప్పటిలా కూర్చుంది.