వెంకటప్ప బడికి వచ్చిన ‘ఉత్తమం’

బాగేపల్లి, మైసూరు రాష్ట్రం, 1961
గురువారం రాత్రి

ఇన్‌స్పెక్టరు పక్కవూరి వెంకటప్ప బడికి ‘ఉత్తమం’ అనీ, నా బడికి ‘సాధారణం’ అనీ రాసి పోయాడు. వెంకటప్ప పిల్లలు కన్నడ పాఠాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారట. అర్థం మాత్రం ఒక్కరికీ తెలియదు. ఇన్‌స్పెక్టరు అడగనూ లేదు. ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు కదా అని నేను ప్రతి వాక్యమూ తెలుగులో విడమరిచి చెబుతూ కూర్చున్నాను, సగం పాఠాలే అయ్యాయి.

సాయంత్రం బస్టాండులో వెంకటప్ప ఎదురుపడ్డాడు.

“పిల్లోళ్లకు అర్థమయ్యేదాకా కూచుంటే ఉత్తమం యాడొస్తాదప్పా?” అని నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది. ఇది అసూయ కాదని రాద్దామనుకున్నాను. అసూయే. ఆ ‘ఉత్తమం’ నా బడికి రావాలి.

ఇల్లు చేరేసరికి నాలుగో తరగతి రత్నమ్మ కన్నడ పుస్తకంతో గుమ్మంలో నిలబడి ఉంది.

“ఈ పద్యానికి అర్థమేమి, అయ్యవారూ?”

“అర్థమెందుకు? బట్టీ పట్టు” అన్నాను.

మెట్టుమీదే కూర్చుని కాసేపటికే గడగడా అప్పజెప్పింది, అచ్చం వెంకటప్ప పిల్లల్లాగే. “భేష్” అన్నాను.

ఆ పిల్ల కదల్లేదు. అర్థం చెబుతానేమోనని నా మొహంలోకే చూస్తూ నిలబడింది.